తడి పరుపులు

సువైక్‌లో వాదీ ఊరి మీదికి పొర్లి
మళ్ళీ సముద్రంలోకి దిగిపొయినాక
మూడోనాడు కనపడింది మాకు రోడ్డు.
క్యాంపు గోడకు బురద గీత
నా గడ్డం కాడికుండాది.
రెండంతస్తుల మంచాల్లో
కింద పడుకునేటోళ్ళకు ఏమీ మిగల్లేదు,
పైవాళ్ళకు మిగిలింది సిగ్గు.

నేను పైవాణ్ణి.
నా కింద ఇమామప్ప,
రాయచోటి పక్క దూదేకులాయప్ప,
యాభై దాటినా సెంట్రింగు పనే.

ఆ పొద్దున
పడిపొయిన ఖర్జూరం చెట్టు మట్ట ఒకటి చీల్చి
వంచి, వలలో చిక్కిన నైలాను తాడు బిగించి,
చిన్న నీళ్ళ సీసాలో ఇసక పోసి మూత తిప్పినాడు.
ఏంది మామా ఇది, అంటే
దనుసు, అన్నాడు.
ఆ తాడును సీసాతో కొట్టినాడు ఒకసారి.
ఎండిన గొంతులో దగ్గు మాదిరి
మోగింది.

వీధి చివర బలూచీ ముసలామె, దుర్ బీబీ,
నానిన పరుపు మీద కూచోని లేయడంల్యా.
చెత్త లారీ రెండుసార్లు వచ్చి
రెండుసార్లూ ఆమెను చూసి పొయింది.
ఇమామప్ప పోయి
ఆమె ఎదురుగా బురదలో గొంతుక్కూచున్నాడు.
ఏం సైగ చేసినాడో, లేసింది.

కుట్లు విప్పి, ట్యాంకరు నీళ్ళతో ఉప్పు కడిగి,
ఫుట్‌బాల్ గ్రౌండు కంచెకు
దూది పాయలు పాయలుగా ఆరేసినాడు.
ఇంక చూడు, మొదలైనాయి మాటలు.
"తిననీకే గతి లేకపోతే
వీడు పరుపులు ఏకుతాడంట!"
మా సుబ్బనరసయ్య.
"మూడు రియాళ్ళు పెడితే స్పాంజి పరుపొస్తాది గదా!"
అంగడాయన.
"డ్యూటీకి రాకుంటే ఆబ్సెంటే," ఫోర్‌మాను.
మసీదు మెట్ల కాడ ఒక పెద్దాయన మాత్రం
మెల్లగా చెప్పినాడు,
పీర్లకు మొక్కి చేసే పని లెక్కకు రాదు నాయనా, అని.
నవ్వినోళ్ళలో
అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

ఇమామప్ప తాడు సర్దుకుంటా అన్నాడు:
"మా జేజి చెప్తాండె,
ఒకనికన్నా పక్క పరిచినోడే
పీర్ల గుండం తొక్కల్ల అని.
తప్పో ఒప్పో ఆ పైవాడు తేలుస్తాడు లేప్పా,
ముందు పక్కకు జరుగు, ఎండ పోతాంది."

రాత్రిపూట కరెంటు లేదు.
చీకట్లో టుంగ్… టుంగ్…
నా మంచం ఇనుము దాన్ని పట్టుకోని
నా వెన్నులోకి పంపిస్తాండె.
పొడి పరుపు మీద నిద్ర రాక
తెల్లారుజామున చుట్ట చుట్టుకోని దిగినా.
ఇదీ ఏకు మామా, అంటే
చేత్తో నొక్కి చూసి నవ్వినాడు.
"స్పాంజిని ఏం ఏకేదిరా?
ఇస్కూల్లో బాలింత ఉందంట,
ఆడికి ఎత్తుకపో."

ఎత్తుకపొయినా.
నెత్తిన పరుపుతో
బురదలో రెండు కిలోమీటర్లు,
ఎవరన్నా నవ్వుతారేమోనని
తల వంచుకోనే.

అన్నీ దక్కలేదు.
కొన్నిట్లో డీజిలు ఇంకింది,
కొన్ని కుళ్ళిపొయినాయి,
వాటిని లారీ ఎక్కించేటప్పుడు
ఇమామప్ప అటుపక్క చూడలేదు.

దుర్ బీబీ పరుపు సగం మందమే వచ్చింది.
ఆమె అరచేత్తో అంతా తడిమి
బలూచీలో ఏందో పొడుగ్గా చెప్పింది.
మాకెవరికీ అర్థం కాలేదు.
"ఆఁ, ఎండ బాగనే కాసిందిలే అమ్మా,"
అన్నాడు ఇమామప్ప, తెలుగులో.
ఆమె తలూపింది.

మళ్ళీ బస్సెక్కిన పొద్దు
ఆయప్ప కనుబొమ్మల్లో దూది ఇంకా ఉండాది.
సుబ్బనరసయ్య దాన్ని ఏరి పారేసినాడు,
ఏమీ అనలేదు.

నెలాఖరుకు జీతం చీటీలో
తొమ్మిది దినాలు కోసినారు.
అంకెల మీద ఏలు పెట్టి
రెండుసార్లు చదువుకోని
"పదకొండు," అన్నాడు ఇమామప్ప.
తొమ్మిదే మామా, సరిగా చూడు, అన్నా.
"పరుపులురా," అన్నాడు.